మూడుసార్లు పాస్

పరిపాలన జనానికి కష్టంగా తోచడానికి కారణం పరిపాలన కాదనీ, దాన్ని ఆడటం జనానికి రాకపోవడమేననీ, కాబట్టి ఆట నేర్పితే కష్టం దానంతటదే పోతుందనీ ప్రభుత్వం ఎట్టకేలకు కనిపెట్టింది. ఇంత పెద్ద సంగతి రాళ్లమడుగు గ్రామానికి గెజిట్టు ద్వారా రాలేదు. హైమావతి ద్వారా వచ్చింది.

హైమావతికి వెల్దుర్తిలో ఉంటున్న తోడికోడలి చెల్లెలు ఫోన్లో చెప్పిందట. ఆ చెల్లెలికి రేషన్ షాపు వరసలో ముందు నిలబడ్డామె చెప్పిందట. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, వరసలో ముందు నిలబడ్డవాళ్లకు అన్నీ ముందే తెలుస్తాయి కదా.

“ఏమే కోటేశ్వరీ, విన్నావా?” అంది హైమావతి, ప్రహరీ గోడ మీదుగా మెడ సాచి. “గవర్నమెంటోళ్లు అట్టపెట్టెలో ఆట పంపిస్తన్నారంట. మన అర్జీ మనమే పెట్టుకోని ఆడాలంట. వెల్దుర్తిలో ఒకామె పాసయిందంట. ఒకసారి పాసయితే ఇంక ఆ అర్జీ కంప్యూటర్లో వెతికినా దొరకదంట!”

(హైమావతి చెప్పే వార్తల్లో అబద్ధం ఉండదు. నిజం మాత్రం ఆమె చూపించిన వైపు ఉండదు. ఈ వార్త కూడా అక్షరాలా నిజమేనని తర్వాత రుజువైంది.)

కోటేశ్వరి చేతిలో బిందె కింద పెట్టింది. “పాసయిందా? నిజంగా పాస్ అన్నారా వదినా?”

“నేనేమన్నా కల్పించి చెప్తన్నానా? పాసంటే పాసే.”

పాస్ అనేది పల్నాడులో చిన్న మాట కాదు. పిల్లలు పదోతరగతి పాసవ్వాలి. లోను పాసవ్వాలి, బిల్లు పాసవ్వాలి, ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోయి అక్కడ పాసవ్వాలి. ఆసుపత్రిలో పడుకోబెడితే, ఒంటికి నీళ్లు సరిగ్గా పాసవుతున్నాయా అని డాక్టరు పొద్దునా సాయంత్రం అడుగుతాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ మాటకు మంచి అర్థమే తప్ప ఇంకో అర్థం ఊళ్లో ఎవరూ వినలేదు.

కోటేశ్వరి కూడా వినలేదు. పైగా ఆ మాట కోసం ఆమె రెండేళ్లుగా ఎదురుచూస్తోంది.

ఆమెకు ఎకరం ముప్పై సెంట్లు మిరపచేను ఉంది. చేనుకు పోవాలంటే డొంక ఉంది. బళ్లు, ట్రాక్టర్లు చేలల్లోకి పోయే దారి అది, తాతల నాటి నుంచి ఉన్నదే. రెండేళ్ల కిందట పిడుగురాళ్ల వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చిన ఒక సున్నపురాయి క్వారీ వాళ్లు, పనికిరాని రాళ్లు పారబోయడానికి చోటు వెతికి వెతికి, ఆ డొంకను ఇష్టపడ్డారు. ఇప్పుడు డొంక మీద తాటిచెట్టులో సగమంత గుట్ట ఉంది. నిరుడు ఎండిన కాయలు బస్తాలకెత్తి గుట్ట మీదుగా తలల మీద మోయిస్తే, కూలికి వచ్చిన పిచ్చమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి ఆ చేలో మోతకు రమ్మంటే, వచ్చేవాళ్లు ముందు తమ కాళ్ల వంక చూసుకుని, తర్వాత కోటేశ్వరి వంక చూసి, ఏదో పెళ్లి ఉందంటున్నారు. భర్త లారీ మీద ఉంటాడు. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రలో ఉంటాడు.

ఈ ఏడు కోత మొదలైంది. కాయలు చేలోనే కళ్లంలో ఆరబోస్తోంది. రెండు వారాల్లో ఎండుతాయి. ఎండిన కాయకు వాన తగిలిందంటే ఎరుపు పోయి తాలుకాయ అవుతుంది. కాబట్టి రెండు వారాల్లో డొంక మీద ట్రాక్టరు రావాలి. ట్రాక్టరు రావాలంటే గుట్ట పోవాలి. కోటేశ్వరి కోరిక ఇంతే. ప్రభుత్వం నుంచి ఆమె ఇల్లు అడగలేదు, ఇంటి ముందు రోడ్డూ అడగలేదు. ఉన్న దారిని ఉన్నట్టు ఉండనివ్వమంది.

అర్జీ పెట్టింది. రెవెన్యూ వాళ్లు, రాయి కనక గనుల శాఖ చూడాలన్నారు. గనుల వాళ్లు, భూమిలో ఉన్నప్పుడు మాది గానీ బయటికొచ్చాక మాకు సంబంధం లేదన్నారు. పంచాయతీ వాళ్లు తమ రోడ్ల రిజిస్టరు తిరగేసి, డొంక అనే పదం ఏ పేజీలో వస్తుందో కనుక్కురమ్మన్నారు. ఏడో అర్జీకి మాత్రం లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది. కోటేశ్వరి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది.

“కొత్త సర్వే పటమునందు సదరు డొంక చూపబడలేదు. డొంక లేనందున, డొంకపై గుట్ట ఉండుటకు అవకాశము లేదు. గుట్ట ఉన్నట్లు అర్జీదారుకు కనిపించుట అర్జీదారు వ్యక్తిగత విషయము.”

దాని మీద ఎనిమిదో అర్జీ పెట్టింది. అది ఆన్‌లైన్లో పెండింగులో ఉండగా ఆట వచ్చింది.

*

ఆటను తెచ్చినాయన పేరు సుధీర్ బాబు. ప్రజా సంతృప్తి వికాస సంస్థలో జిల్లా క్రీడాత్మక పాలనా సమన్వయాధికారి (ఇన్‌ఛార్జి). ఆయన హోదా పూర్తిగా పలికేలోగా గ్రామ సచివాలయంలో ఫ్యాను ఒకసారి ఆగి మళ్లీ తిరిగింది. ఆట పేరు ‘పరిష్కార పథం’. పెట్టె మీద చిరునవ్వు నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ, దాని కింద “వ్యూహాత్మక బల్ల ఆట. ముగ్గురు లేక నలుగురికి. వయసు పద్నాలుగు పైన. సమయం నలభై అయిదు నిమిషాలు” అని ఉంది.

“మొదలెట్టే వయసు రాశాడు. అయిపోయే వయసు రాయలా” అన్నాడు అంకమ్మరావు, కళ్లజోడు పైకి నెట్టి.

అంకమ్మరావు బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు సంబంధించిన ఒకానొక కార్డులో, పేరు చూసి ఎవరో మహానుభావుడు ‘అంకమ్మ, స్త్రీ’ అని ఎక్కించాడు. తాను మగవాడినని పదకొండేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. మొదట్లో మీసంతో ఫొటో జతచేసేవాడు. ఇప్పుడు మీసం తెల్లబడింది, ఫొటోలో సరిగ్గా పడటం లేదు.

రెండో ఆటగాడు సత్తార్, ట్రాక్టర్ల మెకానిక్కు. అతని షెడ్డు గుమ్మానికి నట్టనడుమ తీగల్లేని కరెంటు స్తంభం ఒకటి ఆరేళ్లుగా నిలబడి ఉంది. మూడో మనిషి కోటేశ్వరి. హైమావతికి అర్జీ ఏమీ లేదు కనక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ప్రేక్షకురాలిగా కూర్చుంది.

సుధీర్ బాబు బోర్డు పరిచాడు. అందులో పీటంత జాగాలో ఆరు గడులు. అర్జీ, జిరాక్సు, సర్వే, సంతకం, ఆరా, పాస్.

“ఇది యాక్షన్ సెలెక్షన్ ఆట అంటారండీ” అన్నాడాయన. “అంటే మీ వంతు వచ్చినప్పుడు మీ పావును ఒక గడిలో పెట్టి ఆ పని చేస్తారు. ఏ పని చెయ్యాలో మీరే ఎంచుకుంటారు. సాధికారత అన్నమాట.”

“ఆఫీసులోనూ మేమే గద సార్ ఎంచుకునేది, ఏ కిటికీ కాడ నిలబడాల్నో” అన్నాడు సత్తార్.

సుధీర్ బాబు ఆ మాటను అభిప్రాయంగా నమోదు చేసుకుని, ముఖ్యమైన నిబంధన చదివాడు. “అయిదో రూలు. ఒక గడిలో ఒకరి పావు ఉండగా, ఆ ఆటగాడు తనంత తానుగా తీసేవరకు ఇతరులు ఆ గడిని వాడరాదు.”

అంకమ్మరావు తల ఎత్తాడు. “ఇంకోసారి చదవండి సార్ ఆ ముక్క.” ఇంకోసారి చదివించుకుని, అర్థమైనట్టు కళ్లు మూసుకున్నాడు.

పెట్టెలో కొయ్యపావులు నాలుగు ఉండాల్సింది, రెండే ఉన్నాయి. (పెట్టె జిల్లా నుంచి మండలానికీ, మండలం నుంచి గ్రామానికీ సక్రమమైన మార్గంలోనే వచ్చింది.) “పావుగా ఏ వస్తువైనా చెల్లుతుందమ్మా, రూల్సు ఒప్పుకుంటాయి” అన్నాడు సుధీర్ బాబు. కోటేశ్వరి కొంగుముడి విప్పి, చేలో నుంచి ఆరుదల చూడ్డానికి తెచ్చుకున్న మిరపకాయను తీసి బోర్డు పక్కన పెట్టింది.

వాస్తవికత కోసం ఎవరి అర్జీ నంబరు వాళ్లే వేసి ఆడాలన్నారు. సచివాలయం డిజిటల్ అసిస్టెంటు ఫిర్దౌస్ ట్యాబులో ముగ్గురి నంబర్లూ కొట్టి, ముగ్గురి వేలిముద్రలూ తీసుకుని, ఆగింది.

“సార్, ఇది మామూలు అర్జీల లాగినే గదా. ఆటకి వేరే లాగిన్ ఇస్తారా?”

“రెండెందుకమ్మా, సర్వరు మీద భారం” అన్నాడు సుధీర్ బాబు.

ఆట మొదలైంది. అంకమ్మరావు తొలి వంతులోనే తన పావు తీసుకెళ్లి సంతకం గడిలో పెట్టాడు.

“మీ దగ్గర కాయితాలేవీ లేవు కదండీ” అన్నాడు సుధీర్ బాబు.

“కాయితాలు తర్వాత వస్తయ్. సారు సీట్లో ఉన్నప్పుడే పట్టుకోవాల. ఉన్నాడా?”

“ఉన్నట్టే అనుకోండి.”

“అయితే కూచ్చుంటా.”

అంతే. ఆట అయ్యేదాకా ఆ పావు కదలలేదు. నీళ్లు తాగడానికి లేచినప్పుడు కూడా ఆయన దాని మీద చెయ్యి తీయలేదు, గ్లాసు ఫిర్దౌస్‌తో తెప్పించుకున్నాడు. సత్తార్ జిరాక్సు గడి ఎంచుకున్నాడు. అక్కడ తీయాల్సిన చీటీ తీస్తే “కరెంటు లేదు, వచ్చేవరకు పావు ఇక్కడే ఉండవలెను” అని వచ్చింది. అతను ఇంటి నుంచి తెచ్చుకున్న బన్ను తింటూ కూర్చున్నాడు. కోటేశ్వరి మిరపకాయ అర్జీ గడిలోకి పోయింది, నంబరు వచ్చింది. తర్వాత సర్వే గడిలోకి పోయింది. చీటీ తీసి ఫిర్దౌస్ చదివింది.

“మీ స్థలం పటంలో లేదు. సర్వే గడి మీకు మూయబడినది.”

“ఓసినీ, ఆటలోగూడానా!” అంది కోటేశ్వరి.

ఆరా గడిలో “పై వారిని అడుగుము” అని వచ్చింది. జిరాక్సులో సత్తార్ ఉన్నాడు. సంతకంలో అంకమ్మరావు ఉన్నాడు.

“బాబాయ్, ఒక్కసారి లెయ్యి బాబాయ్. నేను సంతకం పెట్టించుకోని పోతా.”

“పదకొండేళ్లమ్మాయ్. ఇప్పుడు లేస్తానా?”

అంతవరకూ ఆట ఎక్కడా అతిశయోక్తి లేకుండా సాగింది. అప్పుడు సుధీర్ బాబు ముందుకు వంగి, కష్టంలో ఉన్న పౌరురాలికి దారి చూపించే అధికారి ఎంత మృదువుగా మాట్లాడాలో అంత మృదువుగా అన్నాడు.

“అమ్మా, మీకు ఇంకో గడి ఉంది. పాస్ అనండి.”

కోటేశ్వరి ఆయన మొహంలోకి చూసింది. “నేనా? నేనంటే చాలా?”

“చాలు.”

“ఎవురి సంతకం అక్కర్లేదా?”

“అక్కర్లేదమ్మా. పాస్ అనేది పూర్తిగా ఆటగాళ్ల హక్కు. మీ హక్కును మీరు వాడుకోవచ్చు.”

కోటేశ్వరి పమిట సర్దుకుంది. మిరపకాయను ఆరో గడిలో పెట్టింది. ఫొటో తీస్తారేమోనని ఒక క్షణం ఆగి, సచివాలయం బయటికి కూడా వినబడేలా అంది.

“పాస్!”

హైమావతి చప్పట్లు కొట్టింది. “నే చెప్పలా?”

రెండో వంతుకూ పాస్ అంది, ఇంకా గట్టిపడాలని. మూడో వంతుకూ అంది, ముచ్చట తీరక. పద్నాలుగో రూలు ప్రకారం, మూడుసార్లు పాస్ అన్న ఆటగాళ్లు సంతృప్తి చెందినట్టు భావించబడతారు. సుధీర్ బాబు లేచి నిలబడి ఆమెకు నమస్కారం చేశాడు. జిల్లా మొత్తంలో ఆట ఇంత తొందరగా ముగించినవారు లేరనీ, పదకొండు నిమిషాలు రికార్డనీ చెప్పి, బంగారు రంగు అంచున్న సంతృప్తి పత్రం మీద ఆమె పేరు రాసి ఇచ్చి, ఫొటో తీశాడు.

ఇందులో ఆయన చేసిన మోసమేమీ లేదు. ఆటలో పాస్ అంటే “ఈ వంతు నాకొద్దు, వదులుకుంటున్నాను” అని అర్థమనీ, ఆ సంగతి లోకానికంతటికీ తెలుసుననీ ఆయనకు శిక్షణలో చెప్పారు. తెలియని వాళ్ల కోసం రూల్సు పుస్తకం పదిహేడో పేజీలో అచ్చు కూడా వేశారు. రాళ్లమడుగుకు వచ్చిన పుస్తకంలో పదహారు పేజీలున్నాయి.

*

ఆట కన్నా ముఖ్యమైనది ఆట మీద అభిప్రాయం. అందుకోసం నమూనా–7 అనే నాలుగు పేజీల ఫారం ఉంది, ఫిర్దౌస్ ఒక్కొక్కరినీ అడిగి నింపాలి. (ఆటకు నలభై అయిదు నిమిషాలు కేటాయించిన సంస్థ, ఫారానికి గంటన్నర కేటాయించింది.)

ఈ ఆటలో గెలుపు అదృష్టం మీద ఆధారపడిందా, వ్యూహం మీదా అన్న ప్రశ్నకు అంకమ్మరావు రెండూ కొట్టేసి ‘కూర్చోటం మీద’ అని రాయించాడు. మళ్లీ ఆడాలనిపించిందా అంటే, “ఆపితే గదా మళ్లీ ఆడేది” అన్నాడు. వాస్తవికతకు మాత్రం ఒక్క నక్షత్రమే ఇచ్చాడు. కారణం అడిగితే, ఆటంతా అయ్యేవరకూ సారు సీట్లోనే ఉన్నాడనీ, చిన్నపిల్లలు ఇది చూసి నిజమనుకునే ప్రమాదం ఉందనీ చెప్పాడు.

సత్తార్ మూడు నక్షత్రాలిచ్చాడు. “ఆట సంగతి నాకు తెలవదు మేడం. కుర్చీలేశారు, ఫ్యానేశారు. అందుకని మూడు.” మెరుగుపరచడానికి సూచనలు అన్నచోట ‘కరెంటు’ అని రాయమన్నాడు.

కోటేశ్వరి అయిదుకు అయిదు ఇచ్చింది. “చానా మంచి ఆటని రాయమ్మాయ్. ఇదేదో ముందే పంపిస్తే రెండేళ్లు కలిసొచ్చేయని గూడా రాయి.”

ఫిర్దౌస్ రాసింది. రాస్తూ ఎందుకో ఒకసారి కోటేశ్వరి వంక చూసింది. సుధీర్ బాబు ‘సమర్పించు’ అన్న మీటను తానే స్వయంగా నొక్కాడు.

ఇంటికి పోయే దారిలో కోటేశ్వరి సత్తార్ షెడ్డు దగ్గర ఆగింది. “ఒరేయ్ సత్తార్, పన్నెండో రోజుకి ట్రాక్టరు మాట్లాడి పెట్టు. డొంక పాసయింది.”

“కాయితం ఇచ్చారా అక్కా?”

ఇచ్చింది. సత్తార్ చేతులు తుడుచుకుని పత్రం మొత్తం చదివాడు. శ్రీమతి కోటేశ్వరి గారు పరిష్కార పథంలో మూడుసార్లు పాస్ అయి సంతృప్తి చెందినందుకు హర్షం వ్యక్తం చేయడమైనది, అని ఉంది.

“ఇందులో గుట్ట మాటే లేదేంది అక్కా?”

“గుట్ట తీసేశాక ఇంక గుట్ట మాట ఎందుకుంటదిరా?”

ప్రభుత్వ భాషతో పోలిస్తే ఆ తర్కంలో లోపమేమీ లేదు కనక, సత్తార్ ట్రాక్టరు మాట్లాడాడు. కోటేశ్వరి ఆ సాయంత్రం వీధిలో అందరికీ బూందీ పంచింది. కాలు ఇంకా పూర్తిగా కూడని పిచ్చమ్మకు రెండు దోసిళ్లు పెట్టింది.

*

పన్నెండో రోజుకు కాయలు గలగల్లాడుతున్నాయి. కళ్లమంతా ఎర్రగా, చూడ్డానికి కళ్లు చాలనట్టుంది. పొద్దున్నే ట్రాక్టరు డొంక దాకా వచ్చి ఆగింది. ఆగకేం చేస్తుంది? గుట్ట అక్కడే ఉంది. అక్కడే ఉండటం కాదు, పెరిగింది. కొత్తగా పోసిన రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కోటేశ్వరి చూస్తుండగానే ఇంకో టిప్పరు వెనక్కి వచ్చి, తొట్టి ఎత్తి, దడదడమని ఒంపింది.

“ఏందయ్యా, ఏం చేస్తన్నావ్? ఇది పాసయింది!” అని కేకేసింది కోటేశ్వరి.

“అవునమ్మా, తెలుసు. మా ఆఫీసుకి మెసేజ్ వచ్చింది” అన్నాడు టిప్పరు డ్రైవరు, ఎంతో మర్యాదగా. “డొంక మీద కంప్లయింటు లేదని, ఆ చేనామే పాస్ ఇచ్చిందని. మీరేనా ఆమె? మంచోళ్లమ్మా.”

కోటేశ్వరి చేలోకి పోలేదు. అటునుంచి అటే సచివాలయానికి నడిచింది. ఫిర్దౌస్ ఆమెను చూడగానే ట్యాబు తీసింది. రెండుసార్లు వెతికింది. హైమావతి చెప్పినట్టే అర్జీ కనపడలేదు. పాత అర్జీల పెట్టెలోకి పోయి వెతికితే దొరికింది.

“స్థితి, ముగిసినది” అని చదివింది. “కారణం... అర్జీదారు తన వంతును మూడుసార్లు స్వచ్ఛందంగా వదులుకొనినారు. సంతృప్తి, అయిదుకి అయిదు.”

“వదులుకోటం ఏందమ్మాయ్? పాసయ్యా గదా?”

ఫిర్దౌస్ ట్యాబు బల్ల మీద పెట్టింది. “పిన్నీ, నాక్కూడా అప్పుడు తెలవదు. నిన్న ఆ పదిహేడో పేజీ వాట్సాప్‌లో పంపారు. ఆటలో పాస్ అంటే... నా వంతు నాకొద్దు అని.”

“అంటే నేను పాస్ గాలా?”

“నువ్వు పాస్ అన్నావు పిన్నీ. పాస్ కాలేదు.”

బయట, ఆమె వెనకే వచ్చిన ట్రాక్టరు వాళ్లకు సత్తార్ ఏదో సర్దిచెబుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

“మళ్లీ తెరిపించాలంటే?”

“ఆట రెండో విడత పెట్టెలు వచ్చాక అందులో గెలవాలంట. కానీ దాంట్లో నీ పేరు రాదు పిన్నీ. నువ్వు సంతృప్తి చెందినోళ్ల లిస్టులో ఉన్నావు. ఒకసారి ఎక్కితే దాంట్లోంచి తీసే మీట లేదు.” ఫిర్దౌస్ గొంతు తగ్గించింది. “ఎల్లుండి నర్సరావుపేటలో సభ ఉంది. ఈ ఆటకి ఏదో అవార్డు వచ్చిందంట. పైనుంచి డైరెక్టరు మేడం వస్తన్నారు, ఆటగాళ్ల అభిప్రాయాలు తనే అడిగి తెలుసుకోటానికి. నిన్ను ఉత్తమ క్రీడాకారిణిగా పిలిచారు. ఫొటో కోసం స్టేజీ మీద నీతో ఒక్క వంతు ఆడిస్తారంట. ఈ మెసేజ్ నీకు చెప్పాలో వద్దో అని పొద్దున్నుంచీ అనుకుంటన్నా.”

“వాన ఎప్పుడంటన్నారు?” అంది కోటేశ్వరి.

“ఎల్లుండి సాయంత్రానికి పిన్నీ.”

*

ఎల్లుండి పొద్దున పిడుగురాళ్లలో బస్సెక్కిన కోటేశ్వరి దగ్గర ఒక యూరియా గోతం ఉంది. లోపల బల్లపరుపుగా, బరువుగా ఏదో ఉంది. కండక్టరు కాలితో తట్టి చూశాడు.

“ఏందమ్మా ఇది?”

“అర్జీకి జతచేసే కాయితం.”

కండక్టరు మళ్లీ తట్టి, వేలు నొప్పి పుట్టి, ముందుకు పోయాడు.

నర్సరావుపేట హాలు బయట ఫ్లెక్సీ మీద కోటేశ్వరి నిలువెత్తు ఫొటో ఉంది. “పదకొండు నిమిషాల్లో పరిష్కారం!” అని దాని కింద రాశారు. లోపల వేదిక మీద డైరెక్టరు మహాలక్ష్మి గారు, పక్కన సుధీర్ బాబు (ఇప్పుడు ఇన్‌ఛార్జి కాదు, పూర్తి స్థాయి), ముందు వరసలో అంకమ్మరావు. అందరి కన్నా ఎక్కువ సేపు సీటు వదలకుండా ఆడినందుకు ఆయనకూ ఒక శాలువా ఉంది. దాని మీద పిన్ను గుచ్చిన చీటీలో ‘శ్రీమతి అంకమ్మ గారికి’ అని ఉంది. ఆయన చీటీ చదువుకుని, మడిచి, పన్నెండో ఏటి అర్జీకి పనికొస్తుందని జేబులో పెట్టుకున్నాడు.

మహాలక్ష్మి గారు మంచి మనిషి. ఆటలు ఆడే సమాజంలో ఫిర్యాదులు ఉండవనీ, పోయిన నెలలో ఈ ఆట వల్ల జిల్లాలో మూడో వంతు అర్జీలు కనుమరుగయ్యాయనీ చెబుతుంటే ఆమె కళ్లు నిజంగానే చెమర్చాయి. బయట మబ్బు కమ్మడంతో హాల్లో పట్టపగలే లైట్లు వేశారు. ఆమె మైకు కోటేశ్వరి ముందుకు జరిపింది.

“చెప్పమ్మా, ఈ ఆట మీద నీ అభిప్రాయం ఏంటి?”

“ఆడి చెప్తా మేడం” అంది కోటేశ్వరి.

అందరూ చప్పట్లు కొట్టారు. సుధీర్ బాబు బోర్డు పరిచాడు. “మీ వంతేనమ్మా. ఏ గడి ఎంచుకుంటారు?”

కోటేశ్వరి గోతం మూతి విప్పింది. డొంక మీది గుట్టలోంచి ఏరుకున్న నాపరాయి పలకను రెండు చేతుల్తో బయటికి తీసింది. దాన్ని బోర్డు మీద నెమ్మదిగా దించింది. అర్జీ, జిరాక్సు, సర్వే, సంతకం, ఆరా, పాస్, ఆరు గడులూ దాని కిందికి పోయాయి. బల్ల కాళ్లు కిర్రుమన్నాయి. ఫొటోగ్రాఫరు అది రెండో విడత పెట్టెలో వచ్చిన కొత్త పావు అనుకుని రెండు ఫొటోలు తీశాడు.

“ఇదేంటమ్మా?” అన్నాడు సుధీర్ బాబు.

“నా పావు. ఏ వస్తువైనా చెల్లుద్దన్నారుగా సార్.”

సుధీర్ బాబు రూల్సు పుస్తకం తీశాడు. పావు ఎంత ఉండాలో పదిహేడు పేజీల్లో ఎక్కడా లేదు.

“ఇది పెడితే గడులు కనపడవు కదమ్మా” అంది మహాలక్ష్మి గారు, నవ్వు చెదరకుండా. “అడ్డంగా ఉంది. కొంచెం పక్కకి తీసెయ్.”

ముందు వరసలోంచి అంకమ్మరావు గొంతు వినిపించింది. “అయిదో రూలు మేడం. ఆడే మనిషి తనంత తను తీసేదాకా వేరేవోళ్లు ముట్టుకోగూడదు.”

సుధీర్ బాబు అయిదో రూలు చూసి, తల ఊపక తప్పక, ఊపాడు.

“సరే, నువ్వే తియ్యమ్మా” అంది మహాలక్ష్మి గారు.

“ఏం తియ్యాల మేడం?”

“ఈ రాయి.”

“రాయా? యాడుంది? మీ మ్యాపులో ఉందేమో చూడండి.” కోటేశ్వరి కొంగుముడిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, ఏడో అర్జీకి వచ్చిన జవాబును రాయి మీద పరిచింది. “మ్యాపులో లేందాని మీద ఏదన్నా ఉన్నట్టు మీకు కనపడితే, అది మీ సొంత విషయమంట. మీవోళ్లే రాసిచ్చారు, సంతకం గూడా ఉంది.”

మహాలక్ష్మి గారు ఆ కాగితాన్ని చదివింది. చివర సంతకాన్ని కూడా చదివింది. బయట రేకుల మీద తొలి చినుకులు టపటపమని పడ్డాయి. కోటేశ్వరి ఒకసారి కిటికీ వైపు చూసి, మళ్లీ బల్ల వైపు తిరిగింది. ఆమె ముందు మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

“మరి ఇది ఇలా ఉంటే మేం ఆడేదెట్లా అమ్మా?” అంది మహాలక్ష్మి గారు.

“పాస్ అనండి మేడం. మూడుసార్లంటే కాయితం గూడా ఇస్తారు.”